కుందేలుకు ఆపరేషన్: చేయి తిరిగిన డాక్టరని ఎలా తెలుస్తుంది?

ఒకే ఊళ్లో రెండు ఆసుపత్రులకు ఫోన్ చేసి, "మా కుందేలుకు న్యూటరింగ్ చేయించాలి, ముందురోజు ఏం జాగ్రత్తలు తీసుకోవాలి?" అని అడిగి చూడండి. ఒకరు "రాత్రి ఎనిమిది తర్వాత మేత, నీళ్లు ఏమీ పెట్టకండి" అంటారు. ఇంకొకరు "బయల్దేరేదాకా తిననివ్వండి, దానికి ఇష్టమైన ఆకుకూర ఓ కట్ట వెంట తెచ్చుకోండి" అంటారు. ఇద్దరూ చదువుకున్న డాక్టర్లే. బోర్డు మీద ఇద్దరి పేర్ల పక్కనా ఉన్నవి అవే అక్షరాలు.

మా ఇంటి తెల్ల కుందేలు చిట్టి విషయంలో మాకు సరిగ్గా ఇదే ఎదురైంది. ఎవరి మాట వినాలో తెలియక రెండు రోజులు ఎటూ తేల్చుకోలేకపోయాం. ఆ తర్వాత చదివి, నలుగురినీ అడిగి తెలుసుకున్నాక అర్థమైంది: మేం వెతుకుతున్న డాక్టరు ఎవరన్నది ఆ రెండు జవాబుల తేడాలోనే ఉంది.

పేరు ఒకటే, ఆపరేషన్లు రెండు

న్యూటరింగ్ అంటే పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషన్. మగదానికి వృషణాలు తీసేస్తే కాస్ట్రేషన్ అంటారు. ఆడదానికి అండాశయాలు, గర్భసంచి తీసేస్తే స్పేయింగ్. కోడెకు విత్తులు కొట్టించడం చూసినవాళ్లకు మొదటిది వింతేమీ కాదు. కాకపోతే కోడెకు బయటి నుంచే పట్టకారుతో నొక్కి వదిలేస్తారు. కుందేలుకు మాత్రం మత్తిచ్చి, కోసి తీయాలి. ఆడదానికైతే ఏకంగా పొట్ట తెరవాలి. అందుకే రెండో ఆపరేషన్‌కు సమయం, నొప్పి, ప్రమాదం అన్నీ ఎక్కువే.

మన చేలల్లో పరుగెత్తే చెవులపిల్లి, ఇంట్లో పెంచుకునే కుందేలు ఒకటి కావు. ఇంటిది యూరప్ నుంచి వచ్చిన జాతి. చేలల్లోది 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రక్షణ ఉన్న జంతువు, దాన్ని పట్టి పెంచడానికి వీల్లేదు. ఈ వ్యాసమంతా ఇంటి కుందేలు గురించే.

అసలు ఆపరేషన్ అవసరమా?

దీని మీద రెండు వాదాలున్నాయి, రెండింటిలోనూ పస ఉంది.

చేయించాలనేవాళ్ల మొదటి కారణం సంతానం. కుందేలు చూలు సుమారు 31 రోజులు. ఈనిన రోజునే మళ్లీ చూలు కట్టగలదు. అంటే ఒకటో తేదీన ఈనితే, మగది పక్కనే ఉంటే, వచ్చే నెల మొదటి వారంలోనే ఇంకో ఈత. చిన్న పిల్లల్లో ఆడా మగా గుర్తుపట్టడం కష్టం కాబట్టి, "రెండూ ఆడవే" అని దుకాణంవాడు ఇచ్చిన జత మూడు నెలలు తిరిగేసరికి ఇల్లంతా పిల్లలు చేయడం చాలా ఇళ్లలో జరిగేదే.

రెండో కారణం ఇంకా బరువైనది: ఆడ కుందేళ్లలో గర్భసంచి క్యాన్సర్. నాలుగేళ్లు దాటినవాటిలో 50 నుంచి 80 శాతానికి ఇది వస్తుందని చాలాచోట్ల రాస్తారు. ఈ అంకెను కొంచెం ఆగి చూడాలి. అది ప్రధానంగా గత శతాబ్దం మధ్యలో ప్రయోగశాలల్లో పెంచిన కొన్ని వంశాల కుందేళ్ల నుంచి వచ్చింది. తర్వాత పెంపుడు కుందేళ్ల మీద జరిగిన కొన్ని పరిశీలనల్లో అంతకంటే తక్కువే కనిపించింది. తక్కువంటే మాత్రం పట్టించుకోనక్కర్లేనంత తక్కువ కాదు. వయసు పెరిగేకొద్దీ గర్భసంచి జబ్బులు పెరుగుతాయన్న విషయంలో డాక్టర్ల మధ్య పెద్దగా తేడా లేదు. ఎనిమిది, పదేళ్లు బతకగల ప్రాణికి నాలుగేళ్లంటే సగం ఆయుష్షే కదా.

మగదాని సంగతి వేరు. ఇల్లంతా మూత్రం చిమ్మడం, కాళ్ల చుట్టూ తిరిగి ఎక్కడం, ఇంకో మగదాన్ని రక్తం వచ్చేలా కరవడం ఆపరేషన్ తర్వాత బాగా తగ్గుతాయి. అయితే ఒంటరిగా, గొడవ లేకుండా బతుకుతున్న మగ కుందేలుకు మత్తు ప్రమాదం ఎందుకు తలకెత్తాలని అడిగేవాళ్ల ప్రశ్నలోనూ న్యాయం ఉంది. ఆడదానికి వైద్యపరంగా ఉన్నంత బలమైన కారణం మగదానికి లేదు. ఉన్నదల్లా తోడు. కుందేలు గుంపులో బతికే ప్రాణి, ఆపరేషన్ లేకుండా దానికి జత కుదర్చడం కష్టం.

కత్తి కంటే మత్తు దగ్గరే భయం

బ్రిటన్‌లో 2002 నుంచి 2004 వరకు 117 పశువైద్యశాలల్లో, మత్తు ఇచ్చిన పెంపుడు జంతువుల్లో ఆ మత్తు కారణంగా ఎన్ని చనిపోయాయో పెద్ద ఎత్తున లెక్క తీశారు. కుక్కల్లో 0.17 శాతం, పిల్లుల్లో 0.24 శాతం. కుందేళ్లలో 1.39 శాతం.

ఈ చివరి అంకె చూసి ఆపరేషన్ మానేసినవాళ్లున్నారు. కానీ అందులో అప్పటికే జబ్బుతో ఉన్న కుందేళ్లు, పంటి బాధతో వచ్చినవి, అన్నీ కలిసి ఉన్నాయి. ఆరోగ్యంగా ఉన్నవాటిని విడదీస్తే 0.73 శాతం. అంటే ఆరోగ్యంగా ఉన్న వెయ్యి కుందేళ్లకు మత్తిస్తే ఏడు పోయాయి. ఆరోగ్యంగా ఉన్న వెయ్యి కుక్కల్లో ఒక్కటి కూడా లెక్కకు రాదు. తేడా చాలా పెద్దదే. ఇది ఇరవై ఏళ్ల కిందటి లెక్కన్నదీ, వేరే దేశానిదన్నదీ గుర్తుంచుకోవాల్సిందే.

ఆ లెక్కలో నన్ను కట్టిపడేసిన విషయం ఇంకొకటుంది. చనిపోయిన కుందేళ్లలో దాదాపు మూడింట రెండు వంతులు ఆపరేషన్ బల్ల మీద పోలేదు. ఆపరేషన్ ముగిశాక, మత్తు దిగుతున్న గంటల్లో పోయాయి. కోయడం, కుట్టడం ఎంత బాగా వచ్చినా చాలదన్నమాట. ఊపిరి, ఒంటి వేడి, పేగుల కదలిక, నొప్పి, ఈ నాలుగింటినీ ముందూ వెనకా కనిపెట్టుకుని ఉండటమే కుందేళ్ల డాక్టరు పని.

రాత్రి మేత ఆపమన్న మాటలో ఏముంది?

కుక్కకూ పిల్లికీ ఆపరేషన్ ముందు కడుపు ఖాళీ ఉంచుతారు. మత్తులో వాంతి అయితే అది ఊపిరితిత్తుల్లోకి పోతుందని భయం. కుందేలుకు ఆ భయం లేదు. అన్నవాహిక కడుపులో కలిసేచోట ఉండే కండరం ఎంత గట్టిదంటే, కుందేలు వాంతి చేసుకోలేదు.

దానికున్న భయం సరిగ్గా దీనికి వ్యతిరేకం. కుందేలు పేగు ఎప్పుడూ నడుస్తూ ఉండాల్సిన యంత్రం. పీచు లోపలికి వెళుతుంటేనే అది కదులుతుంది. మేత ఆగితే కదలిక మందగిస్తుంది, గ్యాస్ చేరుతుంది, కడుపు నొప్పి పుడుతుంది, నొప్పికి మేత ఇంకా మానేస్తుంది. డాక్టర్లు దీన్ని జీఐ స్టేసిస్ అంటారు, పేగు స్తంభించడం. రాత్రంతా పస్తు ఉంచి, దాని మీద మత్తు, కోత, కొత్త చోటి భయం కలిపితే, ఆపరేషన్ మొదలుకాకముందే కుందేలును ఆ గుంటలోకి సగం తోసినట్టే.

"గంట, రెండు గంటల ముందు మేత తీసేస్తాం, నోట్లో గడ్డి మిగిలితే గొంతులోకి పోతుంది" అని కొందరు డాక్టర్లు అంటారు. అదీ సరైన మాటే. నోరు శుభ్రంగా ఉండటం వేరు, కడుపు ఖాళీ చేయడం వేరు. ఈ తేడా చెప్పగలిగిన డాక్టరు కుందేలును కుందేలుగా చూస్తున్నట్టు. రాత్రి ఎనిమిదికే ఆపమన్న డాక్టరు కుక్కలకు ఎంత మంచి సర్జన్ అయినా, కుందేలును చిన్న కుక్కగా చూస్తున్నట్టు.

ఊపిరి దారి ఎందుకంత ఇరుకు

కుందేలు నోరు తెరిచి చూడబోతే పెద్దగా ఏమీ కనిపించదు. ముందు పొడవాటి పళ్లు, వెనక లావు నాలుక, ఎక్కడో లోపల స్వరపేటిక. తాకితే అది బిగుసుకుంటుంది. మత్తు సమయంలో ఊపిరి గొట్టం వేయాలంటే ఈ దారిలోనే వేయాలి. పొట్టతో పోలిస్తే ఛాతీ చాలా చిన్నది. వెల్లకిలా పడుకోబెడితే నిండు పేగుల బరువంతా ఆ చిన్న ఊపిరితిత్తుల మీద పడుతుంది. అందుకే తెలిసినవాళ్లు ఛాతీ వైపు కాస్త ఎత్తు పెడతారు.

గొట్టం వేయాల్సిందేనా అన్నదాని మీద డాక్టర్లలోనే భిన్నాభిప్రాయాలున్నాయి. ఊపిరి ఆగితే ఆక్సిజన్ అందించే దారి చేతిలో ఉండాలని ఒక వర్గం అంటుంది. అలవాటు లేని చేయి పదేపదే ప్రయత్నిస్తే గొంతు వాచి అదే ప్రాణం తీస్తుందని, మగదానికి చేసే చిన్న ఆపరేషన్‌కు మాస్కుతో ఆక్సిజన్ చాలని ఇంకో వర్గం. మధ్యేమార్గంగా కుందేలు గొంతు ఆకారానికే తయారుచేసిన వీ-జెల్ అనే సాధనం వచ్చింది. అది స్వరపేటిక మీద కూర్చుంటుంది, లోపలికి గుచ్చక్కర్లేదు. ఏ పద్ధతయినా దాన్ని రోజూ వాడే చేతిలో బాగుంటుంది. ఇబ్బంది ఎక్కడంటే, "ఇంజెక్షన్ ఇస్తాం, పావుగంటలో అయిపోతుంది" అని ఊరుకుని, ఆక్సిజన్ సంగతి, గుండె, ఊపిరి ఎవరు చూస్తారన్న సంగతి ఎత్తనిచోట.

మందుల్లోనూ కుందేలు దారి వేరు. మత్తుకు ముందు గుండె వేగం పడిపోకుండా చాలా జంతువులకు ఇచ్చే అట్రోపిన్‌ను, ఎన్నో కుందేళ్ల రక్తంలో ఉండే ఒక ఎంజైము చకచకా విరిచేస్తుంది. అందుకని దాని బదులు గ్లైకోపైరొలేట్ అనే మందు వాడతారు. మనుషులకూ కుక్కలకూ మామూలుగా రాసే యాంటీబయాటిక్ అమాక్సిసిలిన్ నోటి మందుగా ఇస్తే కుందేలు పేగులోని మంచి సూక్ష్మజీవులు పోయి, విషం పుట్టించేవి పెరిగి, ప్రాణమే పోవచ్చు. క్లిండామైసిన్, లింకోమైసిన్ కూడా అంతే. చర్మం కింద ఇచ్చే కొన్ని పెన్సిలిన్ ఇంజెక్షన్లను డాక్టర్లు కుందేళ్లకు వాడతారు కాబట్టి, పేరు వినగానే బెంబేలు పడనక్కర్లేదు. నోటి ద్వారా ఇవ్వడమే ప్రమాదం.

మగదానికి తలుపు వేయాలి, ఆడదానికి ముక్క మిగలకూడదు

మగ కుందేలుకు వృషణాలు పొట్టలోంచి సంచిలోకి దిగిన దారి జీవితాంతం తెరిచే ఉంటుంది. భయపడితే వాటిని లోపలికి లాగేసుకోగలదు. వృషణాలు తీశాక ఆ దారి సంగతి చూడకపోతే, పేగో కొవ్వో అందులోంచి జారిపోయే వీలుంది. అందుకే పైపొరతో సహా కట్టి తీసే పద్ధతో, తీశాక దారిని కుట్టేసే పద్ధతో పాటిస్తారు. "ఆ దారి ఎలా మూస్తారు సార్?" అన్న ప్రశ్నకు అలవాటున్న డాక్టరు ఒక్క వాక్యంలో జవాబు చెప్పగలరు.

ఆడదాని గర్భసంచి మనం పుస్తకాల్లో చూసే బొమ్మలా ఉండదు. రెండు విడి కొమ్ములు, రెంటికీ విడివిడి ముఖద్వారాలు. చుట్టూ ఉండే పొర నిండా కొవ్వు, అందులో రక్తనాళాలు సులువుగా కనిపించవు. పక్కనే పలచటి గోడతో పెద్ద అంధనాళం (పెద్దపేగు మొదట్లో ఉండే సంచి), గట్టిగా తగిలితే చిరిగేంత సున్నితం. కింద ఎక్కడ కట్టి కోయాలన్నది సర్జన్లు ఒక్కోలా చేస్తారు. గర్భసంచి ముక్క మిగిలితే, ఏ జబ్బు భయంతో ఆపరేషన్ చేయించామో అది అక్కడే రావచ్చు. చిన్న వయసులో అండాశయాలు మాత్రమే తీస్తే చాలని కొందరంటారు, కోత చిన్నది, త్వరగా అవుతుంది. మూడు, నాలుగేళ్లు దాటినదానికి ఆ వాదం నిలవదు, గర్భసంచిలో మార్పు అప్పటికే మొదలై ఉండవచ్చు.

వయసు విషయంలో పెద్ద గొడవ లేదు. మగదానికి సుమారు నాలుగు నెలలు దాటాక, ఆడదానికి ఐదారు నెలలకు.

ఇరవై ఏళ్ల అనుభవం, నాలుగేళ్ల అనుభవం

ఒక డాక్టరుకు ఇరవై ఏళ్ల ప్రాక్టీసు ఉందనుకుందాం. ఆయన దగ్గరికి ఏడాదికి ఐదు కుందేళ్లు ఆపరేషన్‌కు వస్తాయి. మొత్తం వంద. ఇంకొకామె చదువు ముగించి నాలుగేళ్లే. కానీ ఆమె పనిచేసే చోటికి చిన్న పెంపుడు జంతువులే వస్తాయి, వారానికి నాలుగు కుందేళ్ల ఆపరేషన్లు. ఏడాదికి రెండు వందలు, నాలుగేళ్లకు ఎనిమిది వందలు. పైగా ఆయన చేసిన చివరి కుందేలు రెండు నెలల కిందటిది కావచ్చు, ఆమెది మొన్నటిది. ఆయన దగ్గరి నర్సు ఆపరేషన్‌కు కుందేలును ఎత్తుకునేది ఏడాదికి ఐదుసార్లే. వెనక కాళ్లకు ఆసరా లేకుండా ఎత్తితే కుందేలు తన్నుకుని తన వెన్నెముకే విరుచుకోగలదు, కాబట్టి నర్సు అలవాటు కూడా చిన్న విషయం కాదు.

ఇది డిగ్రీని తక్కువ చేసి చెప్పడం కాదు. మన దేశంలో 1984 నాటి వెటర్నరీ కౌన్సిల్ చట్టం ప్రకారం రిజిస్టరైన పశువైద్యుడే ఆపరేషన్ చేయాలి. ఊళ్లో ఆవులకు, గేదెలకు కృత్రిమ గర్భధారణ చేసే గోపాలమిత్ర ఎంత నమ్మకస్తుడైనా ఇది ఆయన పని కాదు. అయితే ఆ రిజిస్ట్రేషన్ డాక్టరా కాదా అన్నది చెబుతుంది కానీ కుందేళ్ల సంగతి చెప్పదు. మన పశువైద్య చదువులో పాడి పశువులు, మేకలు, గొర్రెలు, కోళ్లు, కుక్కలదే పెద్ద వాటా. అమెరికాలో 1988లో మొదలైన హౌస్ రాబిట్ సొసైటీ, బ్రిటన్‌లోని రాబిట్ వెల్ఫేర్ అసోసియేషన్ కుందేళ్లు తెలిసిన డాక్టర్ల జాబితాలు ఉంచుతాయి. అక్కడున్న మన తెలుగువాళ్లకు వెతుకులాట అక్కడి నుంచి మొదలవుతుంది. ఇక్కడ ఫోన్‌లో నాలుగు మాటలు అడిగి తెలుసుకోవాల్సిందే. ఆ సంభాషణ ఇలా సాగుతుందనుకోండి.

"సార్, నెలకు ఎన్ని కుందేళ్లకు చేస్తారండీ?"

"ఆరేడు ఉంటాయమ్మా. ఆడవి తక్కువ, మగవే ఎక్కువ."

"ఎప్పుడైనా ఏదైనా పోయిందా సార్?"

"పోయింది. పోయినేడు ఒకటి, లోపల ఊపిరితిత్తుల జబ్బు ఉన్నట్టు మాకు ముందు తెలియలేదు. అప్పటి నుంచి పెద్ద వయసువాటికి ఎక్స్‌రే తీస్తున్నాం."

"ఒక్కటీ పోలేదు" అన్న జవాబు కంటే ఈ జవాబు నాకు ఎక్కువ ధైర్యం ఇస్తుంది. వందల్లో చేసినవాళ్లకు ఒక్కటీ పోలేదంటే, పైన చూసిన లెక్క ప్రకారం అది అరుదే. లేదా చేసినవే కొన్ని అయ్యుండాలి.

పొద్దున పదింటికా, సాయంత్రం ఆరింటికా?

రెండు ఆసుపత్రులూ సమానంగా తోచినప్పుడు గడియారం తేడా చెబుతుంది. పొద్దున పదింటికి ఆపరేషన్ అయితే, మధ్యాహ్నానికి మత్తు దిగి, సాయంత్రం వరకు డాక్టరు కళ్లెదుటే ఉంటుంది. మేత ముట్టిందో లేదో చూసి పంపిస్తారు. సాయంత్రం ఆరింటికి చేసి ఎనిమిదిన్నరకు బుట్టలో పెట్టి ఇచ్చేస్తే, అపాయం ఎక్కువున్న ఆ గంటలు ఆటోలో, ఆ తర్వాత మన వంటింట్లో గడుస్తాయి. తొమ్మిదింటికి ఆసుపత్రి షట్టర్ దించేస్తారు. సర్జన్ ఒకరే, చేయీ అదే, ప్రమాదం ఒకటి కాదు.

చిట్టికి పొద్దునే చేశారు. అయినా ఆ రాత్రి మాకు నిద్ర లేదు. వంటింటి మూలలో పాత దుప్పటి మీద వీపు గూను చేసి, కళ్లు సగం మూసి కూర్చుంది. పళ్లు కొరుకుతున్న శబ్దం గట్టిగా వినిపించింది. హాయిగా ఉన్నప్పుడు మెల్లగా వచ్చే చప్పుడు కాదది, నొప్పికి వచ్చేది. డాక్టరు నొప్పికి ఇచ్చిన మెలాక్సికామ్ చుక్కలు ఆయన చెప్పిన వేళకు వేశాం. అమ్మ కొత్తిమీర కాడ తెచ్చి మూతి దగ్గర పెడితే మొహం తిప్పుకుంది. పదకొండున్నర దాటాక అదే కాడ చివర కొంచెం తెగింది. తెల్లవారుజామున మినపగింజల కంటే చిన్నవి, మూడు పెంటికలు. అంత చిన్నవాటిని చూసి ఇంట్లో అందరం లేచి కూర్చున్నాం. మర్నాటి సాయంత్రానికి మామూలు సైజు వచ్చాయి.

నొప్పికి మందు ఇంటికి కూడా ఇస్తారా అన్నది అందుకే పెద్ద ప్రశ్న. కుందేలు వేటాడేవాటికి ఆహారమయ్యే ప్రాణి, నొప్పిని దాచుకుంటుంది. "అవి తట్టుకుంటాయి లెండి" అనే మాట ఇంకా వినిపిస్తోంది. నొప్పి తగ్గకపోతే మేత ముట్టదు, మేత లేకపోతే పేగు నడవదు. పన్నెండు గంటలు మేత, పెంటికలు రెండూ లేకపోతే అది తెల్లారేదాకా ఆగే సంగతి కాదని కుందేళ్లు తెలిసిన డాక్టర్లందరూ అంటారు. ఆ వేళ ఎవరికి ఫోన్ చేయాలో ముందే చెప్పే ఆసుపత్రికి అక్కడే ఓ మెట్టు ఎక్కువ.

దగ్గరి డాక్టరా, దూరపు నిపుణుడా?

హైదరాబాద్‌లో, విశాఖలో వెతికితే దొరుకుతారు. చిన్న పట్టణాల్లో ఉన్నవాళ్ల చిక్కే అసలు చిక్కు. రాజేంద్రనగర్, తిరుపతి, గన్నవరం పశువైద్య కళాశాలలకు ఆసుపత్రులున్నాయి. సర్జరీ బోధించేవాళ్లు అక్కడే ఉంటారు, కుందేళ్లు ఎన్ని చేశారన్న ప్రశ్న అక్కడా అడగదగ్గదే. కానీ మే నెలలో మూడు గంటలు కారులో పోవడం కుందేలుకు మాటలు కాదు. ముప్పై డిగ్రీలు దాటితేనే దానికి ఇబ్బంది మొదలవుతుంది. కుక్కలా వగర్చి ఒళ్లు చల్లార్చుకోలేదు, చెవుల నుంచే వేడి పోవాలి. ప్రయాణపు బెదురుకే మేత మానేసే కుందేళ్లున్నాయి.

"మన ఊరి డాక్టరు మంచి సర్జన్, కుందేళ్లు తక్కువ చేశారంతే, నేర్చుకుని చేస్తానంటున్నారు" అనేవాళ్ల మాట తీసిపారేయలేం. ప్రతి అనుభవజ్ఞుడికీ మొదటి కుందేలు ఒకటి ఉంటుంది. ఆరోగ్యంగా ఉన్న మగ కుందేలు, ఆక్సిజన్ ఉన్న ఆసుపత్రి, అనుభవమున్న ఇంకో డాక్టరుతో ముందే మాట్లాడుకున్న సర్జన్, ఇవి కలిస్తే దగ్గరిచోటు తప్పు కాదనిపిస్తుంది. నాలుగేళ్ల ఆడ కుందేలుకు, రక్తం కలిసిన మూత్రం వస్తున్నదానికి మాత్రం నేనైతే చల్లటి వేళ చూసుకుని దూరమే వెళ్తాను. మూత్రం ఎర్రగా ఉన్నంత మాత్రాన రక్తమే అనుకోనక్కర్లేదు, కొన్ని ఆకులు తిన్నా ఆ రంగు వస్తుంది. పరీక్ష చేస్తే తేలిపోతుంది.

మాకు తెలిసిన ఒక కుటుంబం ఈ రెండింటినీ కలిపింది. జనవరిలో, ఎండ లేని రోజుల్లో, దూరంగా ఆపరేషన్ చేయించి ఒక రాత్రి అక్కడే ఉన్నారు. కుట్లు చూడటం, మేత తగ్గితే ద్రవాలు ఎక్కించడం ఊరి డాక్టరు చేస్తానని ముందే ఒప్పుకున్నారు. ఏ మందు ఎంత ఇచ్చారో రాసిన కాగితం ఆయనకు తెచ్చి ఇచ్చారు. వాళ్లది మగ కుందేలు. ఆపరేషన్ తర్వాత కూడా నాలుగు నుంచి ఆరు వారాలు దానికి పిల్లలు పుట్టించే శక్తి మిగిలి ఉంటుంది. జనవరి 10న ఆపరేషన్ అయితే, ఆరు వారాలు లెక్కపెట్టి ఫిబ్రవరి 21న ఆడదాని గది తలుపు తీశారు.